సముద్రానికి ఎరువేశారు!

పైరుకు యూరియా చల్లడం మనకు తెలుసు. సముద్రపు ఒడ్డున రాళ్లకు యూరియా చల్లడం ఎప్పుడైనా విన్నారా? అలస్కాలో ఆ పని చేశారు. అక్కడ పెంచాలనుకున్నది వరినో మొక్కజొన్ననో కాదు... కంటికి కనిపించని బ్యాక్టీరియాని. ఓడ ఒలకబోసిన విషాన్ని తినిపెట్టే ఆ బుల్లి జీవుల కథ ఇది. అవి ఏం చేయగలవో, ఎక్కడ చేతులెత్తేస్తాయో చెప్పే కథ కూడా.

1989 మార్చి 24. అర్ధరాత్రి దాటి నాలుగు నిమిషాలైంది. అమెరికాకు ఉత్తర కొసన ఉన్న అలస్కాలో, ప్రిన్స్ విలియం సౌండ్ అనే సముద్రపు పాయలో ఓ భారీ ఓడ వెళ్తోంది. పేరు ఎక్సాన్ వాల్డీజ్. పొడవు 300 మీటర్లు. అంటే మూడు ఫుట్‌బాల్ మైదానాలను వరసగా పేర్చినంత! దాని కడుపు నిండా ముడి చమురు. వాల్డీజ్ రేవులో నింపుకుని కాలిఫోర్నియాకు బయల్దేరింది. దారిలో మంచుగడ్డలున్నాయని మామూలు మార్గం నుంచి పక్కకు జరిగింది. మళ్లీ సమయానికి మళ్లలేదు. బ్లై రీఫ్ అనే రాతి దిబ్బను ఢీకొట్టింది.

అంతే! ఓడ అడుగు చీలిపోయింది. లోపలున్న చమురులో అయిదో వంతు సముద్రంపాలైంది. లెక్కగా చెప్పాలంటే 1.1 కోట్ల గ్యాలన్లు... అంటే నాలుగు కోట్ల లీటర్లకు పైమాటే. మన రోడ్లమీద కనిపించే పన్నెండు వేల లీటర్ల ట్యాంకర్ లారీలు ఓ మూడున్నర వేలు తెచ్చి నీళ్లలో కుమ్మరిస్తే ఎంతో... అంతన్నమాట.

మొదటి రెండు మూడు రోజులు సముద్రం ప్రశాంతంగానే ఉంది. కానీ ఆ సమయంలో చమురును ఆపడానికి కావల్సిన పడవలూ తెప్పల కంచెలూ సిద్ధంగా లేవు. ఆ తర్వాత తుపాను గాలి లేచింది. ఇంకేముంది, నల్లటి తెట్టు అలల మీద పరుగెత్తింది. వారాల తరబడి పాకుతూ పాకుతూ మొత్తం 2,100 కిలోమీటర్ల తీరాన్ని ముట్టుకుంది. మన ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఉన్న తీరానికి అది రెట్టింపు!

రెండున్నర లక్షల సముద్రపక్షులు, 2,800 నీటికుక్కలు, 300 సీల్‌లు, 250 బాల్డ్ ఈగిల్ గద్దలు, 22 కిల్లర్ వేల్‌లు... అప్పట్లో చచ్చిపోయిన జీవాల అంచనా ఇది. నీటికుక్కకు చలి నుంచి కాపాడేది దాని బొచ్చే. ఆ బొచ్చుకు నూనె అంటుకుంటే ఒంట్లో వేడి నిలవదు. నాలుకతో నాకి శుభ్రం చేసుకుందామంటే విషం కడుపులోకి పోతుంది. ఎటు చూసినా చావే.

ఉడికిపోయిన ఒడ్డు

ఒడ్డును శుభ్రం చేయడానికి పదివేల మందికి పైగా జనం, వెయ్యి పడవలు దిగాయి. గుడ్డలతో రాళ్లు తుడిచారు. పారలతో ఎత్తిపోశారు. అదంతా ఏళ్లూపూళ్లూ పట్టేలా ఉందని పెద్ద పెద్ద గొట్టాలు తెచ్చి వేడినీళ్లు చిమ్మారు. దాదాపు 60 డిగ్రీల వేడి, దానికి తోడు బోలెడంత ఒత్తిడి.

మూకుడుకు పట్టిన జిడ్డు వేడినీళ్లకు వదులుతుందని మనింట్లో అమ్మకు తెలిసిందే. ఇక్కడా వదిలింది. కాకపోతే ఇది మూకుడు కాదు. ఆ రాళ్ల మీద నత్తలున్నాయి, ఆల్చిప్పలున్నాయి, నాచు ఉంది. చమురు బారిన పడినా ఎలాగోలా బతికి ఉన్న జీవాలు కాస్తా వేడినీళ్లకు ఉడికిపోయాయి. కడగని చోట్లకంటే కడిగిన చోట్లే జీవం తిరిగి రావడానికి ఎక్కువ కాలం పట్టిందని తర్వాత్తర్వాత పరిశీలనల్లో తేలింది. పైగా వేడినీళ్లు కొంత చమురును రాళ్ల సందుల్లోంచి ఇంకా కిందికి తోసేశాయి. రోగంకంటే మందే ప్రమాదమైంది.

సరిగ్గా ఆ సమయంలో కొందరు శాస్త్రవేత్తలు ఇంకో దారి చూపించారు. ‘ఈ పని చేయడానికి కూలీలు ఇక్కడే ఉన్నారు. కోట్లకు కోట్లు ఉన్నారు. వాళ్లకు సరైన తిండి లేక పని నెమ్మదిగా సాగుతోంది, అంతే’ అన్నది వాళ్ల ఆలోచన.

ఆ కూలీలే బ్యాక్టీరియా.

ఎవరీ తిండిపోతులు?

చమురు సముద్రానికి కొత్త కాదు. ఓడలు పుట్టకముందు నుంచీ, అసలు మనిషే పుట్టకముందు నుంచీ సముద్రగర్భంలోని పగుళ్లలోంచి చమురు ఊరుతూనే ఉంది. అలా ప్రపంచవ్యాప్తంగా ఏటా దాదాపు ఆరు లక్షల టన్నులు సముద్రాల్లోకి చేరుతోందని అమెరికా జాతీయ పరిశోధన మండలి 2003లో అంచనా వేసింది. మరి అదంతా ఏమైపోతోంది? సముద్రం మొత్తం నల్లటి తెట్టు కట్టాలి కదా! కట్టలేదంటే ఎవరో తింటున్నారన్నమాటే.

ముడి చమురంటే ఒకప్పటి జీవులే. కోట్ల ఏళ్ల కిందట చచ్చి అడుగున పేరుకున్న సూక్ష్మమైన మొక్కలూ జీవులూ భూమి వేడికి, ఒత్తిడికి అలా మారాయి. అందులో ఉన్నది ప్రధానంగా కర్బనం, ఉదజని. కర్బనమంటే జీవులకు ఆహారమే. మనకు అన్నంలోని పిండిపదార్థం ఎలాగో, ఈ బ్యాక్టీరియాకు చమురు అలాగ. కాకపోతే అరిగించుకునే శక్తి ఉండాలి. ఆ శక్తి వీటికుంది.

వాటిలో పేరుపొందిన ఒకదాని గురించి చెప్పుకోవాలి. జర్మనీ దగ్గర ఉత్తర సముద్రంలో బోర్కుమ్ అనే దీవి ఉంది. అక్కడి నీళ్లలో దొరికిన ఓ బ్యాక్టీరియాకు 1998లో ‘ఆల్కానివోరాక్స్ బోర్కుమెన్సిస్’ అని పేరుపెట్టారు. ఆల్కేన్లను తినే బోర్కుమ్ జీవి అని దానర్థం. ఆల్కేన్లంటే చమురులో ఎక్కువగా ఉండే కర్బన గొలుసులు. ఈ బ్యాక్టీరియాకు చక్కెరలూ గిక్కెరలూ పెద్దగా పట్టవు. కావల్సింది నూనే! శుభ్రమైన నీళ్లలో వెతికితే ఎక్కడో ఒకటి అరా కనిపిస్తుంది. అక్కడ చమురు ఒలికిందంటే చాలు... పెళ్లి భోజనాల కబురు తెలిసినట్టు రోజుల్లోనే లెక్కకందనంతగా పెరిగిపోతుంది. చమురు అయిపోగానే మళ్లీ తగ్గిపోతుంది.

నూనె నీళ్లలో కలవదు కదా, మరెలా తింటుంది? అందుకూ ఓ ఉపాయముంది. ఈ బ్యాక్టీరియా సబ్బులాంటి పదార్థాన్ని తనే తయారుచేసుకుంటుంది. కుంకుడురసం జిడ్డును విడగొట్టినట్టు అది చమురు తెట్టును సన్నటి బిందువులుగా విడగొడుతుంది. బిందువు ఎంత చిన్నదైతే అంత ఎక్కువమంది చుట్టూ కూర్చుని తినొచ్చు. ఆ తర్వాత ఎంజైముల పని మొదలు. నీళ్లలోని ఆక్సిజన్‌ని తీసుకొచ్చి కర్బన గొలుసు చివర అతికిస్తాయి. దాంతో చమురు ముక్క మెల్లగా కొవ్వు ఆమ్లంగా మారుతుంది. ఇక అది మనం తిన్న నెయ్యి మన ఒంట్లో అరిగినట్టే అరుగుతుంది. చివరికి మిగిలేవి కార్బన్ డయాక్సైడ్, నీళ్లు. మరికొంత కర్బనం బ్యాక్టీరియా ఒంట్లో కలిసిపోతుంది. వాటిని ఇంకాస్త పెద్ద సూక్ష్మజీవులు తింటాయి, వాటిని చేపపిల్లలు. కథ మళ్లీ మొదటికొస్తుంది.

అన్నం సరే... పప్పేదీ?

ఇన్ని తిండిపోతులుంటే అలస్కా తీరం తనంతట తనే శుభ్రపడాలిగా? ఇక్కడే ఉంది చిక్కు.

ఎంత అన్నం వడ్డించినా, అందులోకి పప్పూ కూరా లేకపోతే ఎన్ని ముద్దలు తినగలం? బ్యాక్టీరియాదీ అదే బాధ. చమురు నిండా కర్బనమే. కానీ కొత్త కణాలు కట్టుకోవాలంటే నత్రజని కావాలి, భాస్వరం కావాలి. స్థూలంగా వంద పాళ్ల కర్బనానికి పది పాళ్ల నత్రజని, ఒక పాలు భాస్వరం ఉంటే తిండి సాఫీగా సాగుతుందని లెక్క. చమురులో అవి దాదాపు లేవు. సముద్రపు నీళ్లలో ఉన్నది ఏ మూలకూ చాలదు. ఒక్కసారిగా కొండంత కర్బనం వచ్చి పడేసరికి మిగతా రెండూ అందక పని కుంటుపడింది.

నత్రజని, భాస్వరం... ఈ రెండు పేర్లూ వినగానే మన రైతు ఎవరైనా ఠక్కున చెప్పేస్తాడు, ‘యూరియా, సూపర్ వెయ్యండి’ అని. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, ఎక్సాన్ కంపెనీ కలిసి చేసిందీ అదే!

అయితే మామూలు యూరియా చల్లితే ఒక్క పోటుకే కొట్టుకుపోతుంది. అందుకని రెండు రకాల ఎరువులు ఎంచుకున్నారు. ఒకటి, ఫ్రాన్స్‌లో తయారైన ‘ఇనిపోల్’ అనే ద్రవం. ఇందులో ఉన్నది యూరియానే. కాకపోతే నూనెకు అతుక్కునే పదార్థంలో కలిపారు. అలలొచ్చినా రాయిమీది చమురును పట్టుకుని ఉంటుంది. రెండోది ‘కస్టంబ్లెన్’ అనే గుళికలు. పైపూత వల్ల నెమ్మదిగా, రోజూ కొంచెం కొంచెంగా కరుగుతాయి. నీళ్లతో పాటు రాళ్ల కిందికి దిగుతాయి.

చతురస్రంగా మెరిసిన ఒడ్డు

1989 జూన్‌లో నైట్ ఐలండ్‌లోని స్నగ్ హార్బర్ అనే చోట ప్రయోగం మొదలైంది. రాళ్ల ఒడ్డును మళ్లుగా విడగొట్టారు. ఒక మడికి ఎరువేశారు, ఇంకో మడిని అలాగే వదిలేశారు. ఏది వేయడం వల్ల ఏం మారిందో తెలియాలంటే అదే పద్ధతి.

రెండు వారాలు గడిచాయి. పైనుంచి హెలికాప్టర్‌లో వెళ్లేవాళ్లకు ఓ వింత కనిపించింది. నల్లటి ఒడ్డు మధ్యలో కిటికీ తెరిచినట్టు ఓ శుభ్రమైన దీర్ఘచతురస్రం! ఎరువు చల్లింది సరిగ్గా అంతమేరే.

అయితే ‘కనిపించింది’ అంటే సరిపోదు. ఎరువులోని సబ్బు గుణం వల్ల నూనె జారిపోయి ఉండొచ్చు కదా? శాస్త్రవేత్తలకూ ఆ అనుమానమే వచ్చింది. అందుకే రాళ్ల సందుల్లోంచి చమురు నమూనాలు తీసి పరీక్షించారు. అలలకు కొట్టుకుపోతే చమురులోని అన్ని పదార్థాలూ ఒకేలా తగ్గాలి. బ్యాక్టీరియా తింటే, తేలిగ్గా అరిగేవి ముందు తగ్గుతాయి, అరగనివి మిగులుతాయి. పళ్లెంలో కూర అయిపోయి కరివేపాకు మిగిలినట్టు! పరీక్షల్లో రెండోదే తేలింది. సరిపడా ఎరువు అందిన చోట చమురు విచ్ఛిన్నమయ్యే వేగం రెండు నుంచి అయిదు రెట్లు పెరిగిందని ఆ తర్వాతి అధ్యయనాలు చెప్పాయి.

ఆ వేసవి ముగిసేలోపే 110 కిలోమీటర్లకు పైగా తీరానికి ఎరువు వేశారు. 1992 దాకా దశలవారీగా వాడిన నత్రజని దాదాపు 50 టన్నులు. బ్యాక్టీరియాతో విషాన్ని విరిచే ఈ పద్ధతినే ‘బయోరెమిడియేషన్’ అంటారు. అంతకుముందు నేలమీద, మురుగునీటి కేంద్రాల్లో వాడేవారు. సముద్రతీరంలో అంత భారీఎత్తున వాడటం మాత్రం అదే తొలిసారి.

ఇందులోనూ జాగ్రత్తలు లేకపోలేదు. ఎరువు ఎక్కువైతే నాచు విపరీతంగా పెరుగుతుంది, చేపలకు ప్రమాదం. అందుకే ఎంత వేయాలో కొలిచి వేశారు, నీళ్లను పరీక్షిస్తూ ఉన్నారు. నాచు బెడద రాలేదు. ఇనిపోల్ ద్రవంలోని ఓ రసాయనం ఆవిరయ్యేదాకా మనుషులకూ జంతువులకూ మంచిది కాదు. పనివాళ్లు ఒళ్లంతా కప్పుకుని పనిచేయాల్సొచ్చింది.

ఇంకో సంగతి. అలస్కాలో ఏం చేసినా ఎరువే వేశారు గానీ, బ్యాక్టీరియాను బయటినుంచి తెచ్చి పోయలేదు. ‘మా బ్యాక్టీరియా చల్లండి చాలు’ అంటూ చాలా కంపెనీలు వచ్చాయి. 1990లో అలాంటి రెండు ఉత్పత్తులను అక్కడి ఒడ్డునే పరీక్షించారు. చల్లిన చోటికీ చల్లని చోటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎందుకంటే ఆ చలికీ ఆ ఉప్పుకూ అలవాటుపడిన స్థానిక జీవులు అప్పటికే అక్కడ పాతుకుపోయి ఉన్నాయి. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు వాటితో పోటీపడలేరు.

కోర్టుకెక్కిన బ్యాక్టీరియా

చమురు తినే బ్యాక్టీరియా అనగానే గుర్తుచేసుకోవాల్సిన భారతీయుడొకరున్నారు. ఆయన ఆనందమోహన్ చక్రవర్తి. పశ్చిమబెంగాల్‌లోని సైంథియాలో 1938లో పుట్టారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లారు.

జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తూ 1970ల మొదట్లో ఆయన ఓ తమాషా చేశారు. చమురులోని ఒక్కో పదార్థాన్ని ఒక్కో బ్యాక్టీరియా అరిగించుకుంటుంది. ఆ గుణాలను మోసే చిన్న జన్యువలయాలను- వాటిని ప్లాస్మిడ్లంటారు- వేర్వేరు బ్యాక్టీరియాల నుంచి తెచ్చి ఒకేదాంట్లోకి చేర్చారు. నాలుగురకాల వంటలు వచ్చిన వంటమనిషిని తయారుచేసినట్టు!

దానిమీద పేటెంట్ అడిగితే ‘ప్రాణమున్నదానికి పేటెంటా?’ అని కార్యాలయం తిరస్కరించింది. వ్యవహారం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1980 జూన్ 16న అయిదుగురు న్యాయమూర్తులు అవునన్నారు, నలుగురు కాదన్నారు. ఒక్క ఓటు తేడాతో చక్రవర్తి గెలిచారు. మనిషి మార్చి తయారుచేసిన జీవికి పేటెంట్ ఇవ్వొచ్చన్న ఆ తీర్పు ప్రపంచ బయోటెక్నాలజీ పరిశ్రమనే మలుపుతిప్పింది. 2007లో మన ప్రభుత్వం ఆయన్ని పద్మశ్రీతో గౌరవించింది. 2020 జులైలో కన్నుమూశారు.

విచిత్రమేమిటంటే, అంత పేరు తెచ్చుకున్న ఆ బ్యాక్టీరియాను ఏ చమురు తెట్టు మీదా వాడలేదు. జన్యుమార్పిడి జీవిని సముద్రంలోకి వదిలితే తిరిగి పట్టుకోవడం ఎవరి తరం? ఆ భయంతోనే అది ప్రయోగశాల దాటలేదు.

చీకటి లోతుల్లో...

2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు వేదిక పేలిపోయింది. పదకొండు మంది చనిపోయారు. ఒకటిన్నర కిలోమీటర్ల లోతున ఉన్న బావి నోరు తెరుచుకుని జులై 15 దాకా, అంటే 87 రోజులు చమురు కక్కుతూనే ఉంది. 49 లక్షల పీపాలని ప్రభుత్వ అంచనా.

అందులో కొంత పైకి తేలలేదు. సన్నటి తుంపరలై 1,100 మీటర్ల లోతున మేఘంలా పరుచుకుంది. అక్కడ వెలుతురుండదు. చలి అయిదు డిగ్రీలు. అంత చల్లగా ఉంటే బ్యాక్టీరియా ఏం పనిచేస్తుంది, ఏళ్లు పడుతుందేమోనని అందరూ అనుకున్నారు. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకులు ఆ లోతు నుంచి నీళ్లు తోడి చూసి ఆశ్చర్యపోయారు. చలిని ఇష్టపడే చమురు బ్యాక్టీరియా అక్కడ ముసురుకుని ఉంది! కొన్నిరకాల ఆల్కేన్లు సగానికి తగ్గడానికి 1.2 నుంచి 6.1 రోజులే పడుతోందని ఆ ఏడాది ఆగస్టులో ప్రకటించారు. మెక్సికో సింధుశాఖ అడుగున సహజంగానే చమురు ఊటలు ఎక్కువ. అందుకే అక్కడి బ్యాక్టీరియాకు అది అలవాటైన భోజనమే.

అలాగని అంతా తినేసిందా? లేదు. కొంత చమురు బురదతో కలిసి సముద్రపు అడుగున పేరుకుంది. కొంత చిత్తడినేలల్లో గడ్డి వేళ్లదాకా ఇంకింది. వల్ల పట్టేవాళ్లకు, పక్షులకు, డాల్ఫిన్లకు జరిగిన నష్టం ఏ సూక్ష్మజీవీ పూడ్చలేనిది.

చెన్నై ఒడ్డున బకెట్లు

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అనుకోనక్కర్లేదు. 2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నై దగ్గర ఎన్నూర్ రేవు బయట రెండు ఓడలు ఢీకొన్నాయి. చిక్కటి ఇంధన చమురు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. జాలర్లు, విద్యార్థులు, కోస్ట్‌గార్డ్ సిబ్బంది బకెట్లతో ఆ తారులాంటి ముద్దను తోడిపోయడం టీవీల్లో దేశమంతా చూసింది. అలా తోడిన మడ్డిని ఎక్కడ పోయాలి? రేవు ఆవరణలోనే స్థలం సిద్ధం చేసి, చమురు తినే బ్యాక్టీరియా కలిపి శుద్ధి చేసే ఏర్పాటు చేశారు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదల్లో మనలి పారిశ్రామికవాడ వైపు నుంచి వచ్చిన చమురు అదే ఎన్నూర్ క్రీక్‌ను మళ్లీ ముంచెత్తింది. 2025 మే 25న కేరళ తీరంలో ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ 640 కంటెయినర్లతో, ట్యాంకుల్లోని ఇంధనంతో సహా మునిగిపోయింది.

మన దేశంలో ఈ రంగంలో జరిగిన పనీ తక్కువేం కాదు. ఢిల్లీలోని టెరి సంస్థ, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం తోడ్పాటుతో ‘ఆయిల్‌జాపర్’ను తయారుచేసింది. చమురు తినే కొన్నిరకాల బ్యాక్టీరియాను గింజలు ఒలిచిన మొక్కజొన్న కండెల పొడికి పట్టిస్తారు. దాన్ని చమురు మడ్డిలో కలిపి, తడి ఆరకుండా చూస్తూ, గాలి ఆడేలా దున్నుతూ ఉంటారు. అచ్చం పొలం పనే! రిఫైనరీల్లో పేరుకుపోయే మడ్డిని వదిలించుకోవడానికి దీన్ని ఎక్కువగా వాడుతున్నారు.

ఇక సముద్రంలో చమురు ఒలికితే అది ఏ గాలికి, ఏ ప్రవాహానికి ఎటు వెళ్తుందో ముందే లెక్కగట్టి చెప్పే కేంద్రం మన హైదరాబాద్‌లోనే ఉంది. అదే ఇన్‌కాయిస్. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రానికి కాపలా కాస్తోందన్నమాట. తెట్టు ఎటొస్తుందో ముందే తెలిస్తే మడ అడవులకు, ఏటి ముఖాలకు అడ్డుగా కంచెలు కట్టుకోవచ్చు. ఓ పక్క విశాఖలో రేవూ రిఫైనరీ, మరో పక్క కృష్ణా గోదావరి తీరంలో చమురు బావులు, మధ్యలో కోరింగ మడ అడవి... ఇవన్నీ ఉన్న మనకు అది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. మడ అడవిలో చమురు దూరితే గొట్టాలు పెట్టి కడగలేం, పారలతో తవ్వలేం. వేళ్లు తెగితే చెట్టే పోతుంది. అక్కడ చేయగలిగిందల్లా తెట్టు రాకుండా ఆపడం. వచ్చిందా... బ్యాక్టీరియా మీద భారం వేసి ఓపిగ్గా ఎదురుచూడటమే.

తినలేనివీ ఉన్నాయి

బ్యాక్టీరియా అన్నిటినీ మాయం చేసేస్తుందనుకుంటే పొరపాటు. పాదరసాన్నే తీసుకోండి. అది మూలకం. ముక్కలు చేయడానికి అందులో ఏమీ లేదు. కొన్ని బ్యాక్టీరియాలు విషపూరితమైన పాదరస లవణాన్ని ఆవిరయ్యే పాదరసంగా మార్చి తమను తాము కాపాడుకుంటాయి. కానీ ఆ పాదరసం ఎక్కడికీ పోదు, నీళ్లలోంచి గాల్లోకి వెళ్తుంది. ఇంకొన్ని బ్యాక్టీరియాలైతే దాన్ని మరింత ప్రమాదకరమైన మిథైల్ పాదరసంగా మార్చి చేపల్లోకి ఎక్కిస్తాయి. సీసం, కాడ్మియం కూడా మూలకాలే. రూపం మారుతుందే తప్ప మాయం కావు.

చమురులో కూడా తేలికైన ఆల్కేన్లు ముందు పోతాయి. బెంజీన్ వలయాలు అతుక్కుని ఉండే పదార్థాలకు ఎక్కువ కాలం పడుతుంది. వాటిని తినే బ్యాక్టీరియాలు వేరే ఉన్నాయి. చివర మిగిలే తారులాంటి భాగాన్ని దాదాపు ఏదీ ముట్టదు. బీచ్‌లో నడుస్తున్నప్పుడు కాలికి అంటుకునే నల్లటి ఉండలు అవే.

గుంట తవ్వితే...

మళ్లీ అలస్కాకు వద్దాం. ప్రమాదం జరిగి పన్నెండేళ్లయ్యాక, 2001లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ పరిశోధకులు ప్రిన్స్ విలియం సౌండ్‌కు వెళ్లారు. పైకి చూస్తే ఒడ్డు శుభ్రంగా ఉంది. 91 చోట్ల కలిపి దాదాపు 9,000 గుంటలు తవ్వారు. సగానికి పైగా చోట్ల చమురు కనిపించింది! కొన్ని గుంటల్లో ఇంకా ద్రవంగానే ఉంది. నిన్నగాక మొన్న ఒలికినట్టు అదే వాసన.

మరి బ్యాక్టీరియా ఏం చేస్తున్నట్టు? ఆ జవాబు 2010లో దొరికింది. అక్కడి ఒడ్డు రెండు పొరలుగా ఉంది. పైపొర వదులు, కిందిపొర గట్టి. కింద నీళ్లు కదలవు. నీళ్లు కదలకపోతే ఆక్సిజన్ అందదు. ఆక్సిజన్ లేకపోతే చమురు గొలుసును తెంచే పనే మొదలవదు. ఎదురుగా విస్తరి నిండా భోజనముంది, ఊపిరే ఆడటం లేదు. అందుకే కింద ఇరుక్కున్న చమురు అలాగే ఉండిపోయింది.

అక్కడికి దగ్గర్లోని కార్డోవా అనే ఊరు చేపలవేట మీద బతికేది. వసంతం వస్తే హెర్రింగ్ చేపల వేటతో సందడిగా ఉండేది. 1993లో ఆ చేపలు ఒక్కసారిగా పడిపోయాయి. ఒలికిన చమురు పాత్ర ఎంత, రోగాల పాత్ర ఎంత అన్నదానిమీద శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. చేపలు మాత్రం మునుపటిలా తిరిగి రాలేదు. జాలర్లు తదితరులకు 500 కోట్ల డాలర్లు చెల్లించాలని 1994లో జ్యూరీ చెప్పింది. ఎన్నో అప్పీళ్ల తర్వాత 2008లో సుప్రీంకోర్టు ఆ జరిమానాను 50 కోట్ల డాలర్లకు కాస్త పైకి తగ్గించింది. ఆ పందొమ్మిదేళ్లలో ఎందరో పడవలు అమ్ముకున్నారు. తీర్పు వినకుండానే పోయినవాళ్లూ ఉన్నారు.

ఆ దెబ్బ నుంచి నేర్చుకున్న పాఠం కూడా ఉంది. 1990లో అమెరికా కొత్త చట్టం తెచ్చింది. చమురు ఓడలకు రెండు పొరల అడుగు ఉండాలంది. పైది చిరిగినా లోపలిది కాపాడుతుంది. మిగతా ప్రపంచమూ అదే దారి పట్టింది. 1970ల్లో ట్యాంకర్ల నుంచి ఏడు టన్నులకు మించి చమురు ఒలికిన ఘటనలు ఏటా సగటున 79 దాకా ఉండేవి. 2010ల్లో అవి ఆరుకు అటూఇటూగా తగ్గాయి. సముద్రాన్ని ఎక్కువగా కాపాడింది ఏదని అడిగితే... ఆ ఉక్కు రేకు పేరే ముందు చెప్పాలేమో!

బ్యాక్టీరియా గొప్పదే. జీతం అడగదు, రాత్రీ పగలూ చూడదు, చలికి వెనకాడదు. కాస్త యూరియా వేస్తే అయిదింతలు పనిచేస్తుంది. కాకపోతే దానికి టైము కావాలి, గాలి కావాలి. ఒడ్డుకు చేరిన పక్షికి అంత టైముండదు. అప్పు తెచ్చి పడవ కొనుక్కున్న జాలరికీ ఉండదు.

మన ఎంగిలి ఎత్తేవాళ్లు ఉన్నారు కదాని విస్తరి నిండా పారబోసుకుంటామా? సముద్రం విషయంలోనూ అంతే!